కరటక దమనకుల వెంట సిరియాక్ దాకా

(చెన్నై మైలాపూర్‌లో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కపోతలో, సెలవురోజు సాయంత్రం, సిరియాక్ అనే పాత పశ్చిమాసియా భాష నేర్చుకోవడానికి ఏ పుస్తకాలు కొనాలో వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. ముందు వరుసలో కాలేజీ పిల్లలు కూడా కనిపిస్తున్నారు. మీరు నోట్‌బుక్కులు తీయండి, పుస్తకాల పేర్లు నెమ్మదిగా చెబుతాను.

అసలు తెలుగువాళ్ళకి సిరియాక్ ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

కరటకుడు, దమనకుడు మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిన నక్కలు. పరవస్తు చిన్నయ సూరి గారు ఈ ఊళ్ళోనే ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులుగా ఉన్నారు. 1853లో ఆయన నీతిచంద్రిక వెలువడింది. అందులో మిత్రభేదం చదివినవాళ్ళెవరూ ఆ రెండు నక్కల్ని మరిచిపోలేరు. అవే నక్కలు సంస్కృత పంచతంత్రం నుంచి పడమటి దిక్కుకి కూడా వెళ్ళాయి. 6వ శతాబ్దంలో, పర్షియా రాజు ఖుస్రో అనూషిర్వాన్ కాలంలో, బుర్జోయ్ అనే వైద్యుడు ఆ కథల్ని ఆనాటి పర్షియన్ భాష పహ్లవీలోకి మార్చాడు. ఆ పహ్లవీ పుస్తకం ఇవాళ లేదు, పోయింది. కానీ అదే శతాబ్దంలో బూద్ అనే ఆయన పహ్లవీ నుంచి సిరియాక్‌లోకి చేసిన అనువాదం మిగిలింది. అందులో మన కరటక దమనకుల పేర్లు ‘కలీలగ్, దమ్నగ్’. పంచతంత్రానికి మనకి దక్కిన అనువాదాల్లో అన్నిటికన్నా పాతది అదే. ఇప్పుడు టర్కీలో ఉన్న మార్దిన్ ఊళ్ళో దాని రాతప్రతి ఉన్న సంగతి 1870లలో యూరప్ పండితులకి తెలిసింది. 1876లో బికెల్ దాన్ని అచ్చు వేశారు, 1911లో షుల్టెస్ మళ్ళీ పరిష్కరించారు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒకటే కోరిక కలిగింది. దమనకుడి పేరు ఆ లిపిలో నా కళ్ళతో నేనే చదవాలి. ఏడేళ్ళ క్రితం మాట. ఆ ఏడేళ్ళలో మొదటి రెండేళ్ళు తప్పు పుస్తకాల వల్ల పోయాయి. ఆ రెండేళ్ళు మీకు పోకూడదనే ఈ మాటలు చెబుతున్నాను.

మనకి దగ్గరి సంగతులు ఇంకా ఉన్నాయి. యూఫ్రటీస్ ఒడ్డున కెన్నెష్రే మఠంలో సెవెరస్ సెబోఖ్త్ అనే బిషప్పు ఉండేవారు. విజ్ఞానమంతా గ్రీకులదే అనుకునేవాళ్ళకి జవాబుగా ఆయన 662లో సిరియాక్‌లో రాస్తూ, హిందూదేశం వాళ్ళు తొమ్మిది గుర్తులతో లెక్కలు చేస్తారని, ఆ పద్ధతి ఎంతో గొప్పదని చెప్పారు. మన అంకెల గురించి పడమటి దేశాల్లో దొరికే తొలి మాటల్లో అదొకటి. ఇక మనం కూర్చున్న ఈ మైలాపూర్ సంగతి. ఇక్కడికి నాలుగడుగుల దూరంలో సాంథోమ్ చర్చి ఉంది. క్రీస్తు శిష్యుడు థామస్ ఇండియాకి వచ్చిన కథ చెప్పే ‘థామస్ చర్యలు’ అనే పుస్తకం 3వ శతాబ్దం తొలిరోజుల్లో సిరియాక్‌లో పుట్టింది. అందులో రాజు గుద్నఫర్ కోట కట్టమని డబ్బిస్తే, థామస్ ఆ డబ్బంతా పేదలకి పంచేస్తాడు. 1871లో విలియం రైట్ ఆ సిరియాక్ పాఠాన్ని అచ్చు వేశారు.

ఇక్కడ ఒక పొరపాటు సరిదిద్దాలి. సెయింట్ థామస్ మౌంట్ మీద చర్చిలో రాతి శిలువ ఉంది కదా, దాని చుట్టూ చెక్కిన అక్షరాలు సిరియాక్ అని చాలామంది అనుకుంటారు. అవి పహ్లవీ అక్షరాలు. సిరియాక్ నేర్చుకుని కొండెక్కితే ఆ రాత చదవగలమనుకోవద్దు.

సరే, భాష గురించి రెండు మాటలు. పశ్చిమాసియాలో పాతకాలం నుంచీ ఉన్న అరమాయిక్ భాషలో సిరియాక్ ఒక మాండలికం. పాత ఎడెస్సా పట్నంలో, అంటే ఇప్పటి టర్కీలోని ఉర్ఫాలో, పెరిగింది. 22 అక్షరాలు, కుడి నుంచి ఎడమకి రాస్తారు. మలయాళీలు ‘సురియాని’ అంటారు. కేరళ చర్చిల్లో శతాబ్దాలుగా ప్రార్థన భాష ఇదే. అరబిక్‌కీ హీబ్రూకీ చుట్టం కాబట్టి హైదరాబాదు మాట వచ్చినవాళ్ళకి కొన్ని మాటలు వెంటనే పట్టుబడతాయి. సలాముని ‘శ్లామా’ అంటారు, కితాబుని ‘క్తాబా’. నాన్నని ‘అబా’, అమ్మని ‘ఎమ్మా’ అంటారు. మన అబ్బ, అమ్మలతో కలిసింది కదా అని దీని మీద సిద్ధాంతాలు కట్టకండి. లోకంలో చాలా భాషల్లో పసిపిల్లల నోటికి తేలిగ్గా వచ్చే మాటలివి.

ఇప్పుడు అసలు సంగతి. సిరియాక్ పుస్తకం కొనేముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగాలి. నేను ఏం చదవబోతున్నాను? ఏ భాషకైనా ఇది మంచి ప్రశ్నే అంటారేమో. సిరియాక్‌కి మాత్రం ఇది తప్పనిసరి. ఎందుకంటే ఈ భాషకి లిపులు మూడు, ఉచ్చారణలు రెండు. వాచకం రాసినాయన వాటిలో ఒకటి ఎంచుకుని రాస్తారు. పుస్తకం కొన్నారంటే ఆ లిపినీ, ఆ ఉచ్చారణనీ కూడా కొన్నట్టే.

పాత రాతప్రతుల్లో ఉండే లిపి ఎస్ట్రాంగెలా. అక్షరాలు నిండుగా, విడివిడిగా, అందంగా ఉంటాయి. తారీఖు ఉన్న సిరియాక్ రాతప్రతుల్లో అన్నిటికన్నా పాతది 411లో ఎడెస్సాలో రాసింది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అది ఈ లిపిలోనే ఉంటుంది. తర్వాత సిరియాక్ చర్చిల్లో పడమటి శాఖ వాళ్ళు సెర్తో అనే గుండ్రటి లిపికి అలవాటు పడ్డారు, గ్రీకు అక్షరాల నుంచి తీసుకున్న చిన్న గుర్తుల్ని అచ్చులుగా వాడతారు. తూర్పు శాఖ వాళ్ళ లిపి మూడోది. వాళ్ళు అచ్చుల్ని చుక్కలతోనే చూపిస్తారు.

ఉచ్చారణ తేడా మాత్రం వింటేనే తెలుస్తుంది. రాజుని తూర్పువాళ్ళు ‘మల్కా’ అంటే పడమటివాళ్ళు ‘మల్కో’ అంటారు. శ్లామా అక్కడ శ్లోమో అవుతుంది. ప్రభువు ప్రార్థన మొదలు తూర్పున ‘అవూన్ ద్వష్మయ్యా’, పడమట ‘అబూన్ ద్బష్మయో’.

మా అపార్ట్‌మెంట్‌లో కొట్టాయం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంటారు. నేను మొదటి సంవత్సరం మేడ మీద నడుస్తూ ఆ ప్రార్థన తూర్పు ఉచ్చారణలో వల్లె వేసేవాణ్ణి. ఆవిడ బట్టలు ఆరేస్తూ విని, తమిళంలో అన్నారు: “తంబీ, చివర అంతా ‘ఓ’ రావాలి. ‘ఆ’ కాదు. మా అప్పచ్చన్ అలా అనరు.” వాళ్ళది యాకోబాయ చర్చి, అంటే పడమటి ఉచ్చారణ. ఆ మర్నాటి నుంచి ఆవిడ బట్టల బుట్ట పక్కన పెట్టి పది నిమిషాలు నాకు పాఠం చెప్పేవారు. పుస్తకంలో లేని సంగతులు చాలా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఊపిరి ఆపాలో, అన్నీ. మీ వీధిలోనో, ఆఫీసులోనో కేరళ నుంచి వచ్చిన సిరియన్ క్రైస్తవులు ఉండే ఉంటారు. చర్చిలో చేసే ఆరాధనని వాళ్ళు ‘ఖుర్బానా’ అంటారో ‘ఖుర్బోనో’ అంటారో ఒక్కసారి అడగండి. వాళ్ళ ఉచ్చారణ ఏదో తేలిపోతుంది, మీరు ఏ వాచకం కొంటే వాళ్ళ సాయం దొరుకుతుందో కూడా తెలిసిపోతుంది.

తెలుగు చెవికి తూర్పు ఉచ్చారణలో ఒక సుఖం ఉంది. వాళ్ళు ద్విత్వాన్ని పలుకుతారు. అన్న, అక్క అనే మనకి ప్రభువు ప్రార్థనలో ‘పరిశుద్ధపరచబడు గాక’ అనే ‘నెత్‌కద్దష్’లో ఆ ఒత్తు వినబడితే క్రియారూపం తేలిగ్గా గుర్తుంటుంది. పడమటి ఉచ్చారణలో ఆ ఒత్తు పోయింది. అందుకని నేను కళ్ళతో సెర్తో చదువుతాను, వ్యాకరణం గుర్తుపెట్టుకునేటప్పుడు మాత్రం తూర్పు పలుకుబడి అనుకుంటాను. ఇది నా పద్ధతి. మొదటి సంవత్సరంలో మీరు రెండూ కలపకండి.

ఇక పుస్తకాలు. నేను చేసిన పెద్ద తప్పుతో మొదలుపెడతాను. ‘అన్నిటికన్నా మంచి వ్యాకరణం ఏది?’ అని అడిగితే తెలిసినవాళ్ళందరూ చెప్పే పేరు నోల్డెకె. ఆ జర్మన్ పండితుడి సిరియాక్ వ్యాకరణం 1880లో వచ్చింది, 1898లో సవరించిన కూర్పు వచ్చింది. 1904లో క్రిక్టన్ దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చారు. వాళ్ళు చెప్పింది నిజమే, అంతకన్నా మంచి వ్యాకరణం లేదు. కానీ అది నేర్చుకునే పుస్తకం కాదు. తెలుగు నేర్చుకుంటానని వచ్చిన ఒక బెంగాలీ కుర్రాడికి మొదటిరోజే బాలవ్యాకరణం చేతిలో పెడితే ఏమవుతుంది? ‘ప్రథమ మీది పరుషములకు గ స డ ద వ లు బహుళముగా నగు’ అన్న సూత్రం ఎంత ముచ్చటగా ఉన్నా, ‘వాడు గొట్టె’ అన్న మాట ఎక్కడా చదవనివాడికి అది అర్థం కాదు. నోల్డెకెతో నాకు జరిగింది అదే. అందులో ఉదాహరణలన్నీ అసలు గ్రంథాల నుంచి తీసుకున్నవి. ఒక్క పాఠమూ చదవకుండా ఆ ఉదాహరణలు ఎలా తలకెక్కుతాయి? మూడో సంవత్సరంలో కొనుక్కోండి. అప్పుడు మాత్రం ఎంత ఆనందమో! ఒక వాక్యం ఎందుకలా ఉందో తెలియక రెండు రోజులు తల పట్టుకుని, మూడో రోజు నోల్డెకెలో సరిగ్గా అదే వాక్యం కనబడితే కలిగే సంతోషం అనుభవిస్తేనే తెలుస్తుంది.

గసడదవల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెబుతాను. సిరియాక్‌లో ‘బ గ ద క ప త’ అని ఆరు అక్షరాల గుంపు ఉంది. అచ్చు తర్వాత వస్తే ఈ ఆరూ మెత్తబడతాయి. బ వకారమవుతుంది, ప ఫకారమవుతుంది, క గొంతులోంచి వచ్చే ఖకారమవుతుంది. మనవాళ్ళలాగే వాళ్ళూ ఆ అక్షరాల్నే కలిపి సూత్రానికి పేరు పెట్టుకున్నారు. సంధులు చదువుకున్న తెలుగువాళ్ళు ఈ పాఠానికి భయపడక్కర్లేదు. మన సంధి వేరు, వాళ్ళ నియమం వేరు. అయినా పక్క శబ్దాన్ని బట్టి హల్లు మారుతుందన్న ఆలోచన మనకి కొత్త కాదు.

మొదటి పుస్తకంగా నేను చెప్పేది రాబిన్సన్. పూర్తి పేరు ‘పారడైమ్స్ అండ్ ఎక్సర్‌సైజెస్ ఇన్ సిరియాక్ గ్రామర్’, 1915లో వచ్చింది. థియోడర్ రాబిన్సన్ ఎక్కడ పాఠాలు చెప్పారో తెలుసా? మన దేశంలోనే, బెంగాల్‌లోని శ్రీరాంపూర్ కాలేజీలో. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయిన శ్రీరాంపూరే అది. పాత కూర్పులు కొనకండి. జె.ఎఫ్. కోక్లీ సవరించిన కూర్పు తీసుకోండి. 2002లో అయిదోది, 2013లో ఆరోది వచ్చాయి. కోక్లీ సిరియాక్ అచ్చు అక్షరాల చరిత్ర మీద పుస్తకం రాసిన మనిషి. అందుకే కాబోలు, పేజీ తెరిస్తే అక్షరం, చుక్క, అచ్చు గుర్తు అన్నీ స్పష్టంగా కనబడతాయి. సెర్తో లిపి, అచ్చులన్నీ వేసి ఉంటాయి. ప్రతి పాఠం చివర సిరియాక్ నుంచి ఇంగ్లిష్‌కి, ఇంగ్లిష్ నుంచి సిరియాక్‌కి మార్చే అభ్యాసాలుంటాయి. రెండోరకం అభ్యాసాలు ఎవరూ చేయరు. మీరు చేయండి. చేత్తో రాస్తేనే అక్షరం మనదవుతుంది. సంస్కృతం చదువుకునేటప్పుడు శబ్దమంజరి వల్లె వేసినవాళ్ళకి ఈ పుస్తకం సొంతింట్లో ఉన్నట్టు ఉంటుంది. రామః, రామౌ, రామాః అని వల్లించిన నోటికి ‘క్తబ్, కెత్బత్, క్తబ్త్’ (రాశాడు, రాసింది, రాశావు) ఎంత?

వల్లె వేయడం నచ్చనివాళ్ళకి జార్జ్ కిరాజ్ రాసిన ‘ద న్యూ సిరియాక్ ప్రైమర్’ ఉంది, 2007లో వచ్చింది. ఇది పాఠం ముందు చదివించి, ఆ తర్వాతే వ్యాకరణం చెబుతుంది. దీంతో పాటు ఆడియో కూడా ఇచ్చారు. కిరాజ్ సిరియాక్ ఆర్థడాక్స్ చర్చి మనిషి, గార్జియాస్ ప్రెస్ స్థాపకుల్లో ఒకరు. చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన భాష కాబట్టి ఆ ఇంటి చనువు పుస్తకంలో తెలుస్తుంది. పడమటి ఉచ్చారణ. పక్కన చెప్పేవాళ్ళు లేక ఒంటరిగా మొదలుపెట్టేవాళ్ళు మధ్యలో వదిలేయకుండా ఉండాలంటే ఇది మంచిది. కానీ ఇది పూర్తయ్యాక రాబిన్సన్ తప్పదు. క్రియలన్నీ ఒక వరసలో కుదురుకోవాలి కదా.

మూడోది థాక్స్టన్ వాచకం, 1999లో వచ్చింది. ఆయన హార్వర్డ్‌లో పర్షియన్ తదితర భాషలు బోధించిన ఆచార్యుడు. ఎస్ట్రాంగెలా లిపి. మాటల ఉచ్చారణ రోమన్ అక్షరాల్లో చూపిస్తారు, చివర అసలు సాహిత్యం నుంచి చదువుకోవడానికి చాలా భాగాలిచ్చారు. అరబిక్కో హీబ్రూనో ముందే వచ్చినవాళ్ళు దీంతో చాలా వేగంగా వెళతారు. మనలాంటివాళ్ళకి ఇది రెండో పుస్తకం. హీబ్రూ బాగా వచ్చిన పాస్టర్లు ఎవరైనా ఉంటే మురావోకా ‘క్లాసికల్ సిరియాక్ ఫర్ హీబ్రాయిస్ట్స్’ అని వాళ్ళ కోసమే రాశారు, అది చూడండి. జాన్ హీలీ పుస్తకం పేరు ‘లెషోనో సూర్యోయో’. చివర రెండుసార్లు ‘ఓ’ వచ్చింది. ఇందాకటి కొట్టాయం ఆవిడ మాట గుర్తొచ్చిందా? పేరు చూస్తేనే ఏ ఉచ్చారణ నేర్పుతుందో తెలిసిపోతుంది.

ఇప్పుడు నాకు జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. ఇది మీరు జాగ్రత్తగా వినండి. ఒక పాత వాచకం తక్కువ ధరకి దొరుకుతోందని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఎవరు అమ్మారన్నది ఇక్కడ అవసరం లేదు. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, ఎవరైనా అడిగినప్పుడు ఒక్కో కాపీ అచ్చు వేసే రకం. అట్ట బాగుంది, కాగితం తెల్లగా ఉంది. అక్షరాలు కూడా బాగానే ఉన్నట్టు కనబడ్డాయి. మూడు నెలలు దాంతో చదివాను. ప్రతి వాక్యం దగ్గరా ఏదో అడ్డుపడేది. ‘రాజు ఇలా చేశాడు’ అని ఉండాల్సినచోట ‘రాజు ఇలా దాటాడు’ అని వస్తోంది. నాకే అర్థం కావడం లేదనుకుని ఎంత టెన్షన్ పడ్డానో.

చివరికి భూతద్దం పెట్టి చూస్తే తెలిసింది. సిరియాక్‌లో దకారానికీ రకారానికీ ఆకారం ఒకటే. కింద చుక్క ఉంటే ద, పైన చుక్క ఉంటే ర. ‘అబద్’ అంటే చేశాడు, ‘అబర్’ అంటే దాటాడు. తేడా ఆ ఒక్క చుక్క. నా పుస్తకంలో స్కాన్ చేసినప్పుడు కింది చుక్కలు సగం ఎగిరిపోయాయి, కాగితం మీది మరకలు కొన్ని పై చుక్కలైపోయాయి. ఇంకొకటి చూడండి. ‘మల్కా’ అంటే రాజు, ‘మల్కే’ అంటే రాజులు. హల్లులు రెండింటికీ ఒకటే. బహువచనమైతే మాట మీద రెండు చుక్కలు పక్కపక్కనే పెడతారు, దాన్ని ‘సెయామే’ అంటారు. ఆ రెండు చుక్కలు పోతే రాజులందరూ ఒక్క రాజు అయిపోతారు. మనకి సున్న పోతే ‘పండు’ ‘పడు’ అవుతుంది కదా, అలాంటిదే. కాకపోతే తెలుగులో ఎప్పుడో ఒకసారి జరిగేది అక్కడ ప్రతి వాక్యంలోనూ జరుగుతుంది.

అందుకని సిరియాక్ పుస్తకం కొనేటప్పుడు మొదట చూడాల్సింది చుక్కలు. షాపులో అయితే చేత్తో తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, ఏదో ఒక పేజీలో పది మాటలు చూడండి. ఆన్‌లైన్ అయితే లోపలి పేజీ చూపించమని అడగండి, చూపించకపోతే కొనకండి. పాత పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి, తెర మీద పెద్దవి చేసుకుని చూస్తే చుక్కలు కనబడతాయి కూడా. వాటినే డబ్బు పెట్టి మసకగా అచ్చు వేయించుకోవడం ఎందుకు?

నిఘంటువుల గురించి ఎక్కువ చెప్పను, మొదటి ఏడాది మీకు పెద్ద నిఘంటువు అక్కర్లేదు. వాచకం వెనక ఉన్న పదాల పట్టిక చాలు. కొత్త నిబంధన చదవడం మొదలుపెట్టాక జెన్నింగ్స్ నిఘంటువు తీసుకోండి. 1926 నాటిది, సిరియాక్ కొత్త నిబంధనలోని మాటలకే పరిమితం. చిన్నది, సంచీలో పడుతుంది. ఆ తర్వాత పేన్ స్మిత్. రాబర్ట్ పేన్ స్మిత్ లాటిన్ అర్థాలతో మహానిఘంటువు మొదలుపెట్టి, అది పూర్తికాకుండానే 1895లో కన్నుమూశారు. ఆయన కూతురు జెస్సీ ఆ మహానిఘంటువు ఆధారంగా 1903లో ఇంగ్లిష్ అర్థాలతో ఒక నిఘంటువు తెచ్చారు. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఇంగ్లిష్ వచ్చిన విద్యార్థి బల్ల మీద ఇవాళ్టికీ ఆవిడ పుస్తకమే ఉంటుంది. తండ్రి పని కూతురు మనందరి చేతికీ అందేలా చేసిందని తలుచుకుంటే నాకు ప్రతిసారీ మనసు నిండుతుంది. బ్రోకెల్‌మాన్ లాటిన్ నిఘంటువుని సోకోలోఫ్ ఇంగ్లిష్‌లోకి మార్చి, ధాతువుల వరసలో ఉన్నదాన్ని అకారాది చేసి 2009లో ఇచ్చారు. అది చాలా ఖరీదు, లైబ్రరీలో చూసుకోండి.

నిఘంటువు వాడటం కూడా ఒక విద్యే. తెలుగు రానివాడు ‘రమ్మన్నాడు’ అనే మాట రకారంలో వెతికితే దొరకదు, ‘వచ్చు’ దగ్గరికి రావాలని తెలియాలి. సిరియాక్‌లో ‘పోక్’ అంటే బయటికి వెళ్ళు. పకారంలో వెతికితే లాభం లేదు, ధాతువు న-ప-క. ఆజ్ఞార్థంలో మొదటి నకారం లోపించింది. ఏ అక్షరం లోపించే అలవాటుందో రాబిన్సన్ బలహీన క్రియల పాఠాల్లో నేర్పుతాడు. ఆ పాఠాలు దాటవేసి నిఘంటువు కొన్నవాడికి ఆ నిఘంటువు తెరుచుకోదు.

మరి చదవడానికి ఏ పాఠం? ఇక్కడ నా మాట గట్టిగానే చెబుతాను. మీ మతం ఏదైనా సరే, మీ ఆసక్తి పంచతంత్రమైనా, గణితమైనా సరే, మొదట పెషిత్తా సువార్తలు చదవండి. పెషిత్తా అంటే సిరియాక్ బైబిలు. బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ 1920లో వేసిన కొత్త నిబంధనలో అచ్చులన్నీ గుర్తులతో ఉంటాయి. కథ ముందే తెలుసు, వాక్యాలు చిన్నవి, అర్థం కాకపోతే పక్కన తెలుగు బైబిలు పెట్టుకోవచ్చు. ఇంత సదుపాయం ఉన్న పాఠం ఇంకోటి లేదు. పెషిత్తా పాత వరసలో కొత్త నిబంధన పుస్తకాలు 22 మాత్రమే. రెండో పేతురు, రెండో మూడో యోహాను, యూదా, ప్రకటన అందులో లేవు, అచ్చుప్రతుల్లో వాటిని వేరే అనువాదాల నుంచి చేర్చారు.

యోహాను సువార్త మొదటి మాటలు చూడండి. తెలుగు బైబిల్లో ‘ఆదియందు వాక్యముండెను’. సిరియాక్‌లో ‘బ్రాషీత్ ఈతవ్ వా మెల్తా’. నాలుగే మాటలు. ‘ఈతవ్’ అని పలికే మాట చివర హకారం, యకారం రాస్తారు, పలకరు. ‘వా’ ముందు హకారం రాస్తారు, అదీ పలకరు. అచ్చులు, గీతలు వేసిన ప్రతి లేకపోతే ఈ మౌనాక్షరాలు మీకెవరు చెబుతారు? ఇక మెల్తా, అంటే వాక్యం, సిరియాక్‌లో స్త్రీలింగం. క్రియ మాత్రం పుంలింగంలో ఉంది. ఆ వాక్యం అంటే క్రీస్తు అని అనువాదకుడు తలచాడు కాబట్టి వ్యాకరణం కన్నా నమ్మకం వైపు మొగ్గాడు. ఆ మలుపు తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ కనబడదు. నాకది అర్థమైన రోజు, నేను పడిన కష్టమంతా అక్కడికక్కడే తీరిపోయింది.

ఇందాక వెనక వరుసలోంచి ఒకరు చీటీ పంపారు. అంతా ఫోన్‌లో ఉండగా పుస్తకాలు ఎందుకని. ఫోన్ మంచిదే. దుఖ్రానా అనే సైటులో పెషిత్తా కొత్త నిబంధనలో ప్రతి మాటకీ ధాతువు, అర్థం చూపిస్తారు. అమెరికాలో హీబ్రూ యూనియన్ కాలేజీ వాళ్ళ అరమాయిక్ మహానిఘంటువు ఉచితం. నేను రెండూ రోజూ వాడతాను. కానీ మాట మీద వేలు పెట్టగానే అర్థం వస్తే ధాతువు వెతికే శ్రమ ఉండదు, ఆ శ్రమ లేకపోతే మాట గుర్తుండదు. ముందు పెన్సిలుతో మీ ఊహ రాసుకోండి, ఆ తర్వాత ఫోన్ తీయండి.

చెప్పేవాళ్ళు కావాలంటే కొట్టాయంలో సీరీ ఉంది. సెయింట్ ఎఫ్రెమ్ ఎక్యుమెనికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, 1985లో పెట్టారు. మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం అనుబంధంతో సిరియాక్ చదువులు నడిపే చోటు అది. ఇక్కడి నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం. మలయాళంలో సిరియాక్ వాచకాలున్నాయి. తెలుగులో నా కంటపడలేదు. అందుకే ఈ ఏడేళ్ళుగా రాబిన్సన్ పాఠాల్ని తెలుగు లిపిలో, గసడదవలతో, శబ్దమంజరి పద్ధతిలో నా కోసం రాసుకుంటూ వస్తున్నాను. అయిదు నోట్‌బుక్కులయ్యాయి. కావలసినవాళ్ళు జిరాక్స్ తీసుకోవచ్చు.

ఆ కిటికీ పక్క బల్ల మీద కోక్లీ రాబిన్సన్, కిరాజ్ ప్రైమర్, 1920 కొత్త నిబంధన, నాకు నష్టం చేసిన ఆ మసక కాపీ నాలుగూ పెట్టాను. షుల్టెస్ అచ్చులోంచి కలీలగ్, దమ్నగ్ పేర్లున్న పేజీ ప్రింటు కూడా ఉంది. పక్కనే భూతద్దం ఉంది. టీ తాగే ముందు ఒక్కొక్కరూ వచ్చి, ముందు మసక కాపీలో ‘మల్కే’ వెతకండి, ఆ తర్వాత కోక్లీలో అదే మాట మీది రెండు చుక్కలు చూడండి.